నష్టం వస్తుందని తెలిసీ సంతకం పెట్టే ఉద్యోగం

పోయిన సంచికలో ఎవరో అడిగిన ప్రశ్నకి జవాబు రాస్తూ, అమెరికాలో యూనివర్సిటీ ప్రెస్‌ల, అంటే పండితుల పుస్తకాలు వేసే యూనివర్సిటీ ప్రచురణ సంస్థల, పరిస్థితి ఏం బాగాలేదు, డైరెక్టర్ కుర్చీ అంటే మనుషులు జంకుతున్నారు అని రెండు ముక్కలు రాసి వదిలేశా. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేని మీదా రాలేదు, అందుకని ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ఇవే తీసుకుంటున్నా. కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట, నేను అక్కడ ఒక యూనివర్సిటీ ప్రెస్‌లో చాలాకాలం అక్విజిషన్స్‌లో పనిచేశా, అంటే ఏ పుస్తకం వేయాలో వెతికి తెచ్చే సీటు. డైరెక్టర్ని ఎప్పుడూ కాదు, డైరెక్టర్ పక్క గదిలో ఉండి అరుపులు విన్నదాన్ని.

అక్కా నమస్తే. హిస్టరీల పీహెచ్‌డీ చేస్తున్న. మా దిక్కు యూనివర్సిటీ ప్రెస్ డైరెక్టర్ అంటే క్వశ్చన్ పేపర్లు, ఆన్సర్ బుక్‌లెట్లు ప్రింట్ చేపిచ్చే సారు అనుకుంటరు. అక్కడ ఆయన పొద్దంతా అసలు ఏం జేస్తడు? (వరంగల్ నుంచి ఒక స్కాలర్)

తమ్ముడూ, అక్కడ చాలా ప్రెస్‌లకి ప్రింటింగ్ మిషనే ఉండదు. ఆక్స్‌ఫర్డ్‌లో మొదటి పుస్తకం 1478లో అచ్చయింది, కేంబ్రిడ్జ్‌కి 1534లో ఎనిమిదో హెన్రీ రాజు అచ్చు వేసుకోడానికి అనుమతి పత్రం ఇచ్చాడు, అంత పాత ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ కూడా తన చివరి ప్రింటింగ్ విభాగాన్ని 2021లో మూసేసింది. అచ్చు పని బయట ఇస్తారు. ప్రెస్ దగ్గర ఉండేది ఎడిటర్లు, మార్కెటింగ్ వాళ్లు, ఒక అకౌంట్స్ టీమ్, అంతే.

ఈ ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ రెండిటినీ చూసి మిగతావి కూడా అలాగే ఉంటాయనుకోకు, అవి పరీక్షలు, స్కూలు పుస్తకాలు, డిక్షనరీలు అన్నీ కలిపి ప్రపంచమంతా నడిపే పెద్ద సంస్థలు. అమెరికాలో 1878 నుంచి ఆగకుండా నడుస్తున్న జాన్స్ హాప్‌కిన్స్ అన్నిటికంటే పాతది, దాని తర్వాత వచ్చినవాటిలో చాలా భాగం పాతికమంది, నలభైమంది స్టాఫ్‌తో ఏడాదికి యాభయ్యో వందో పుస్తకాలు వేసే చిన్న సంసారాలు. అమెరికా, బయటి దేశాలు కలిపి వీటి సంఘంలో నూట యాభైకి పైగా సభ్యులున్నాయి.

ఇక డైరెక్టర్ ఏం చేస్తారంటే, నా మాటల్లో చెప్పాలంటే ఏ పుస్తకం మీద ఎంత నష్టపోవాలో, ఆ నష్టం ఎవరి ఖాతాలో వేయాలో తేలుస్తారు. నవ్వకు, నిజం. ఒక స్కాలర్ పుస్తకం వస్తుంది, ఎడిటర్‌కి నచ్చుతుంది, ఆ సబ్జెక్టు తెలిసిన ఇద్దరు బయటి ప్రొఫెసర్లకి పంపిస్తారు, వాళ్లు పేజీలకి పేజీలు రిపోర్ట్ రాస్తారు, రచయిత దానికి జవాబు రాసుకోవాలి, అదంతా కలిపి యూనివర్సిటీ ప్రొఫెసర్ల బోర్డు ముందు పెడతారు, ఆ బోర్డు ఒప్పుకుంటేనే యూనివర్సిటీ పేరు పుస్తకం మీద పడుతుంది. డైరెక్టర్‌కి ఎంత నచ్చినా బోర్డు వద్దంటే వద్దే. ఇక్కడిదాకా చదువు వ్యవహారం. తర్వాత అసలు లెక్క వస్తుంది. ఇథాకా అనే సంస్థ 2016లో 20 ప్రెస్‌ల ఖర్చులు తీసి చూస్తే ఒక్క పుస్తకం తేవడానికి తక్కువలో తక్కువ 15,140 డాలర్లు, ఎక్కువలో ఎక్కువ 1,29,909 డాలర్లు తేలింది. ఈ ఖర్చులో పెద్ద వాటా కాగితం కాదు, మనుషుల టైము. ఇప్పుడు ఊరికే ఉదాహరణకి, ఒక పుస్తకం 300 కాపీలు అమ్మి, షాపుల డిస్కౌంట్ పోను కాపీకి 60 డాలర్లు చేతికొస్తే మొత్తం 18,000. ఖర్చు 30,000 అయిందనుకో. మిగతా 12,000 ఎవరివ్వాలి? ఇదే ప్రశ్న ఆ కుర్చీలో ఏడాదికి యాభైసార్లు వస్తుంది. యూనివర్సిటీ ఇచ్చే గ్రాంట్ కొంత, ఆ రాష్ట్రపు పక్షుల పుస్తకమో వంటల పుస్తకమో బాగా అమ్ముడుపోతే అందులోంచి కొంత, జర్నల్స్ ఉంటే వాటి చందాల్లోంచి కొంత, దాతల దగ్గర కొంత. షికాగో వాళ్లకైతే 1906 నుంచీ నడుస్తున్న స్టైల్ మాన్యువల్, అంటే రాతలో ఎడిటింగ్‌లో పాటించే పద్ధతుల పుస్తకం, ఉంది, ఎడిటింగ్ చేసే ప్రతివాడూ కొనాల్సిందే, అలాంటి పాడి ఆవు ప్రతి ప్రెస్‌కీ ఉండదు కదా.

ఆ కుర్చీ అంటే జంకుతున్నారని రాశారు. యూనివర్సిటీ డబ్బు, యూనివర్సిటీ పేరు, ఇంక భయం దేనికండీ? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

యూనివర్సిటీ డబ్బు కాబట్టే అండీ. 2012లో మిస్సోరీ యూనివర్సిటీ తన ప్రెస్‌కి ఏటా ఇచ్చే 4 లక్షల డాలర్లు దండగ అనుకుని మూసేస్తామని ప్రకటించింది. రచయితలు మా పుస్తకాల హక్కులు మాకిచ్చేయండి అని తిరగబడ్డారు, రాష్ట్రమంతా గొడవైంది, కొన్ని నెలల్లోనే నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. సరే అది రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీ అనుకుందాం, 2019లో స్టాన్‌ఫర్డ్, వేల కోట్ల డాలర్ల నిధి ఉన్న స్టాన్‌ఫర్డ్, తన ప్రెస్‌కి ఇస్తున్న 17 లక్షల డాలర్లు ఇక కుదరదంది. అక్కడా ప్రొఫెసర్లు రోడ్డెక్కాకే తగ్గింది. ఈ రెండు కథల్లో నాకు కనిపించేది ఏంటంటే, ప్రెస్‌ని బడ్జెట్ మీటింగ్‌లో వ్యాపారంలా చూస్తారు, స్నాతకోత్సవం రోజున విభాగంలా చూస్తారు, డైరెక్టర్ ఏ రోజు ఏ టోపీ పెట్టుకోవాలో ఆ రోజు పొద్దునదాకా తెలీదు. ఇంకోటి, ప్రెస్ వేసే పుస్తకాల్లో సగానికి పైగా వేరే యూనివర్సిటీల ప్రొఫెసర్లవి. మన డబ్బుతో పక్క యూనివర్సిటీవాడి పుస్తకం ఎందుకు వేయాలి అని ప్రొవోస్ట్, అంటే యూనివర్సిటీలో చదువుల వ్యవహారాలూ బడ్జెట్టూ చూసే పెద్ద అధికారి, అడిగితే, మనవాడి పుస్తకం పక్క యూనివర్సిటీ వేస్తోంది కాబట్టి అని చెప్పాలి, చెప్పి ఒప్పించాలి, ఒప్పించిన మనిషి రెండేళ్లలో మారిపోతాడు, మళ్లీ మొదట్నించీ.

2025 అయితే మరీ దారుణం. ఫిబ్రవరిలో లైబ్రరీలకి ఈబుక్‌లు అమ్మే క్లారివేట్ కంపెనీ, లైబ్రరీలు ఇకమీద ఈబుక్ ఒకసారి కొని శాశ్వతంగా ఉంచుకునే పద్ధతి ఆపేస్తాం, చందా కట్టుకోండి అంది. లైబ్రరీలు గగ్గోలు పెడితే గడువు 2026 జూన్ దాకా పొడిగించారు. ఏప్రిల్‌లో చరిత్ర, సాహిత్యం లాంటి చదువులకి డబ్బిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ హ్యుమానిటీస్ ఎండోమెంట్, ఎన్‌ఈహెచ్ అంటారే, అది వెయ్యికి పైగా గ్రాంట్లు రద్దు చేసింది. అక్టోబర్‌లో లైబ్రరీలకి పుస్తకాలు సప్లై చేసే బేకర్ అండ్ టేలర్ దుకాణం కట్టేస్తున్నామంది. కొనేవాడు, గ్రాంట్ ఇచ్చేవాడు, మోసుకెళ్లేవాడు ముగ్గురూ ఒకే ఏడాది ఊగిపోతే కుర్చీలో ఎవరు కుదురుగా కూర్చుంటారు చెప్పండి.

మేడమ్, మన కోస్తా ఓడరేవుల చరిత్ర మీద ఏదో అమెరికా యూనివర్సిటీ ప్రెస్ పుస్తకం ఆన్‌లైన్‌లో చూశాను, 110 డాలర్లు. మన చరిత్ర మనమే కొనుక్కోలేం. ఇది దోపిడీ కాక మరేమిటి? (విశాఖపట్నం)

కోపం న్యాయమే, కానీ తిట్టాల్సినవాళ్లు వేరే ఉన్నారు. ఒకప్పుడు, అంటే 1970ల ప్రాంతంలో, ఇలాంటి పుస్తకం వెయ్యీ పదిహేనువందల కాపీలు లైబ్రరీలే కొనేవి. ఇప్పుడు అది కొన్ని వందలకి పడిపోయింది. ఆ డబ్బు ఎటుపోయింది అంటే సైన్స్ జర్నల్స్ మింగేశాయి. ఎల్సెవియర్ లాంటి పెద్ద కంపెనీలు వందల జర్నల్స్ ఒకే మూటగా కట్టి అమ్ముతాయి, ఏటా రేటు పెంచుతాయి, వాటి లాభం అమ్మకాల్లో మూడో వంతుకి పైమాటే. లైబ్రరీకి ఆ మూట వదులుకోడం కష్టం, చరిత్ర పుస్తకం వదులుకోడం తేలిక. కాలిఫోర్నియా యూనివర్సిటీ అంతటిది 2019లో ఎల్సెవియర్ మూటని కాదని బయటికొస్తే మళ్లీ ఒప్పందం కుదరడానికి రెండేళ్లు పట్టింది. కాపీలు తగ్గేకొద్దీ ప్రెస్ రేటు పెంచుతుంది, రేటు పెరిగేకొద్దీ మీలాంటి మనిషి కొనడం మానేస్తాడు, చివరికి లైబ్రరీకి తప్ప ఎవరికీ అందని రేటు దగ్గర ఆగుతుంది. నేను పనిచేసే రోజుల్లో ఈ రేట్ల మీటింగ్‌లో తెలుగువాళ్ల గురించి పుస్తకం తెలుగు దేశంలో ఎవరూ కొనలేరు కదా అని అడిగితే, ఇండియా ఎడిషన్‌కి పార్టనర్ దొరికితే చూద్దాం అనేవాళ్లు.

ఆ పార్టనర్ దొరికినప్పుడు మాత్రం పని జరుగుతుంది. తెలుగు భాషాభిమానం రాజకీయం ఎలా అయిందో చెప్పే పుస్తకాన్ని ఇండియానా యూనివర్సిటీ ప్రెస్ 2009లో వేస్తే ఇక్కడ పర్మనెంట్ బ్లాక్ అనే పబ్లిషర్ మన రేటుకి తెచ్చారు. ఇంకా మంచి ఉదాహరణ హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ మూర్తి క్లాసికల్ లైబ్రరీ. రోహన్ మూర్తి 2010లో 52 లక్షల డాలర్లు ఇచ్చారు, 2015లో మొదటి ఐదు పుస్తకాలొస్తే అందులో ఒకటి మన పెద్దన మనుచరిత్ర, వెల్చేరు నారాయణరావు గారు, డేవిడ్ షుల్మన్ గారు చేసిన అనువాదం, ఎడమ పేజీలో తెలుగు పద్యం, కుడి పేజీలో ఇంగ్లీషు. ఆ సిరీస్ కోసం తెలుగు ఫాంట్ కొత్తగా చేయించారు. ఇండియా ఎడిషన్ అమెరికా రేటులో చిన్న ముక్క. నేను మొదటి జవాబులో చెప్పిన ఆ 12,000 లోటు ఎవరివ్వాలి అన్న ప్రశ్నకి ఇక్కడ ఒక దాత ముందే జవాబిచ్చేశాడు, అందుకే కుదిరింది.

అన్నట్టు పబ్లిషర్లని పూర్తిగా వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. ఢిల్లీ యూనివర్సిటీ పక్కన జిరాక్స్ షాపు మీద 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ కలిసి కేసు వేశాయి, పిల్లలకి కోర్స్ ప్యాక్‌లు వేసిస్తోందని. 2016లో హైకోర్టు చదువు చెప్పే క్రమంలో కాపీ తీసుకోవచ్చని కొట్టేసింది, 2017లో వాళ్లే కేసు వదులుకున్నారు. రెండు యూనివర్సిటీ ప్రెస్‌లు వెళ్లి మూడో యూనివర్సిటీ పిల్లల జిరాక్స్‌ల మీద పడటం, అది ఏ డైరెక్టర్ సంతకమో గానీ, నాకు అప్పుడూ నచ్చలేదు ఇప్పుడూ నచ్చలేదు.

హైదరాబాద్‌లో యూనివర్సిటీస్ ప్రెస్ ఉంది కదా, అది ఏ యూనివర్సిటీది? (ఒంగోలు)

ఏ యూనివర్సిటీదీ కాదండీ, ఓరియంట్ బ్లాక్‌స్వాన్ గ్రూపుది, ప్రైవేటు సంస్థ. మంచి సైన్స్ పుస్తకాలు వేస్తారు.

ఓపెన్ యాక్సెస్ అని అన్నీ ఫ్రీగా పెట్టేస్తే ప్రెస్ బతికేదెట్లా? మన కేంద్రం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అని 6,000 కోట్లు పెట్టింది కదా, అందులో ఈ పుస్తకాలు కూడా వస్తాయా? (రిటైర్డ్ లెక్చరర్, గుంటూరు)

మాస్టారూ, చివరి ప్రశ్న ముందు. అందులో వచ్చేది జర్నల్సే. కేబినెట్ 2024 నవంబర్ 25న ఒప్పుకుంది, 2025 నుంచి 2027 దాకా మూడేళ్లకి 6,000 కోట్లు, 30 పబ్లిషర్ల నుంచి దాదాపు 13,000 జర్నల్స్, 6,300 ప్రభుత్వ సంస్థలకి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ జర్నల్స్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. జిల్లా కాలేజీలో ఉన్న లెక్చరర్‌కి ఐఐటీలో ఉన్నవాడికి ఒకే జర్నల్ తెరుచుకోవడం మంచి విషయమే, నేను కాదనను. కానీ అంత డబ్బులో పెద్ద భాగం బయటి కంపెనీలకి చందా, మన దగ్గర పండితుల పుస్తకం వేసే ఒక్క సంస్థకి అందులో పైసా లేదు, ఇదే నాకు బాధ.

ఇక ఫ్రీ సంగతి. ఫ్రీ అనేది చదివేవాళ్లకే, తయారీ ఖర్చు అలాగే ఉంటుంది, కట్టే చెయ్యి మారుతుంది. జర్నల్స్‌లో ఆ భారం రాసేవాడి మీదికి నెట్టారు, వ్యాసానికి ఇంత అని ఫీజు, సైన్స్‌లో గ్రాంట్లున్నాయి కాబట్టి నడుస్తోంది. 2022లో వైట్‌హౌస్ సైన్స్ ఆఫీసు ప్రభుత్వ డబ్బుతో చేసిన రిసెర్చ్ వెంటనే అందరికీ తెరవాలి అంది, వైద్య పరిశోధనకి డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ దాన్ని 2025 జులై 1 నుంచి అమలు పెట్టింది. కానీ రాతి శాసనాల మీద పుస్తకం రాసే మనిషికి ఏ గ్రాంట్ ఉంది? అందుకని పుస్తకాలకి వేరే దారులు వెతికారు. 2017లో కొన్ని అమెరికా యూనివర్సిటీలు తమ ప్రొఫెసర్ పుస్తకం ఓపెన్‌గా వస్తే ప్రెస్‌కి 15,000 డాలర్లు ఇస్తామన్నాయి. లండన్‌లో యూసీఎల్ ప్రెస్ 2015లో పెట్టిందే పూర్తిగా ఫ్రీ పుస్తకాల కోసం, ఖర్చు యూనివర్సిటీయే పెట్టుకుంటుంది. ఎంఐటీ ప్రెస్‌లో ఎమీ బ్రాండ్ గారు డైరెక్టర్‌గా ఉండగా 2021లో ఇంకో పద్ధతి తెచ్చారు, లైబ్రరీలు కొనడానికి పెట్టే డబ్బునే ముందే తలా కాస్త వేసుకోవాలి, అనుకున్న మొత్తం జమైతే ఆ ఏడాది పుస్తకాలు అందరికీ తెరుస్తాం అని, అలా 2022లో 80 పుస్తకాలు తెరిచారు. జర్నల్స్, పుస్తకాలు ఆన్‌లైన్‌లో అందించే జేస్టోర్ వాళ్లది ఇంకోరకం, చిన్న ప్రెస్‌ల పుస్తకాలు మూడేళ్లు చందా కట్టిన లైబ్రరీలకి, ఆ తర్వాత అందరికీ.

నా ఓటు ఈ చందా పద్ధతులకే, ఎందుకంటే రచయిత జేబు చూడరు. కానీ ఒక చిక్కుంది, పక్క లైబ్రరీ ఎలాగూ కడుతుంది, పుస్తకం ఎలాగూ తెరుచుకుంటుంది, మనమెందుకు కట్టడం అని ఒక్కొక్కరే జారుకుంటే కట్టేది ఎవరు? ఇప్పుడు లైబ్రరీల బడ్జెట్లు కోస్తున్న టైములో డైరెక్టర్లకి నిద్ర పట్టనిది ఇదే.

అక్కా, అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. ఒక పబ్లిషర్ 18 వేలు కడితే నా థీసిస్ నెలలో ఐఎస్‌బీఎన్‌తో పుస్తకంగా వేస్తానంటున్నాడు, ఇంటర్నేషనల్ అంట. వేయించుకోవచ్చా? (అనంతపురం)

వద్దమ్మా. యూజీసీ 2018 రూల్స్‌లో ప్రమోషన్ల లెక్కకి ఇంటర్నేషనల్ పబ్లిషర్ పుస్తకానికి 12 పాయింట్లు, నేషనల్‌కి 10 పెట్టారు కదా, ఆ పాయింట్ల మీద బతికే దుకాణాలు ఇవి. ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితంగా ఇస్తారు, అది ఉన్నంత మాత్రాన పుస్తకం ఎవరూ చదివి చూసినట్టు కాదు. నెల రోజుల్లో వేస్తానన్నాడంటే ఎవరికీ పంపడు, ఎవరూ దిద్దరు. జర్నల్స్‌లో ఈ దందా ఎంతదాకా వెళ్లిందంటే, హైదరాబాద్‌లోని ఓమిక్స్ గ్రూప్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేసి, 2019లో కోర్టు 5 కోట్ల డాలర్లకి పైగా కట్టమంది. నీ థీసిస్ నిజంగా బాగుంటే ముందు థీసిస్ వాసన పోయేలా తిరగరాయి, మొదటి చాప్టర్‌లో ఎవరెవరు ఏమన్నారు అనే నలభై పేజీలు తీసెయ్, తర్వాత ఒక పేజీ ప్రపోజల్, ఒక శాంపిల్ చాప్టర్ మంచి ప్రెస్ ఎడిటర్‌కి పంపు. ఎడిటర్ల ఈమెయిళ్లు వాళ్ల సైట్లలోనే ఉంటాయి. వాళ్లు డబ్బు అడగరు, టైము అడుగుతారు, ఏడాదిన్నర, రెండేళ్లు.

ఏఐ వచ్చాక ఎడిటర్లూ ప్రెస్‌లూ అవసరమా? పైగా పబ్లిషర్లే పుస్తకాలు ఏఐ కంపెనీలకి అమ్ముకుంటున్నారట కదా. (డాలస్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీర్)

అమ్ముకుంటున్నారు, అందరూ ఒకేలా కాదు. 2024లో టేలర్ అండ్ ఫ్రాన్సిస్ మాతృసంస్థ మైక్రోసాఫ్ట్‌తో కోటి డాలర్లకి పైబడిన ఒప్పందం చేసుకుంటే చాలామంది రచయితలకి ఆ సంగతి వార్తల్లో చదివాకే తెలిసింది. కేంబ్రిడ్జ్ మాత్రం రచయితలకి రాసి, ఒప్పుకున్నవాళ్లవే ఇస్తామంది. నా దృష్టిలో తేడా అంతా అక్కడే ఉంది, ముందు అడిగారా లేదా. పాత కాంట్రాక్టుల్లో అన్ని హక్కులూ మావే అని ఒక లైను ఉంటుంది, లాయరు దాన్ని చూపించి అడగక్కర్లేదంటాడు, కానీ ఇరవై ఏళ్ల పరిశోధన ఇచ్చిన ప్రొఫెసర్ రెండో పుస్తకం కూడా మనకే ఇవ్వాలంటే లాయరు మాట ఒక్కటే వింటే కుదరదు.

ఇందులో ఇంకో పాఠం ఉంది, చాలా చిన్నది, చాలా ఖరీదైనది. ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ పైరసీ సైట్ల నుంచి పుస్తకాలు దించుకుందన్న కేసులో 2025లో 150 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది, పుస్తకానికి సుమారు 3,000 డాలర్లు, రచయితకీ పబ్లిషర్‌కీ కలిపి. కానీ ఆ లిస్టులో ఉండాలంటే పుస్తకం అమెరికా కాపీరైట్ ఆఫీసులో టైముకి రిజిస్టర్ అయి ఉండాలి. స్కాలర్లీ పుస్తకాలకి ఎవరు కేసు వేస్తారులే అని రిజిస్ట్రేషన్ ఫీజు మిగిల్చుకున్నవాళ్లు మిగిల్చిన దానికి ఎన్నో రెట్లు పోగొట్టుకున్నారు. ఇప్పుడు ఏ డైరెక్టర్‌నైనా అడగండి, పుస్తకం రాగానే మూడు నెలల్లోపు రిజిస్ట్రేషన్ అంటారు.

ఎడిటర్లు అవసరమా అన్నారు. ఇండెక్స్, కేటలాగ్ వివరాలు, బొమ్మల వివరణలు ఇలాంటి పనుల్లో ఏఐ సాయం తీసుకోవచ్చు. ఒక మనిషి రాసింది నిజంగా కొత్తదా కాదా అన్నది మాత్రం ఆ సబ్జెక్టులో తలపండినవాళ్లే చెప్పగలరు, పుస్తకం చదివి రిపోర్ట్ రాసే ఆ ఇద్దరు రీడర్లు దొరకడమే ఇప్పుడు కష్టమైపోయింది, అందరూ బిజీ, ఇచ్చేది చిన్న మొత్తమో నాలుగు పుస్తకాలో.

నమస్కారం మేడమ్. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ప్రచురణల విభాగం బాధ్యత ఈ మధ్యే నాకు అప్పగించారు, అదనపు బాధ్యతగా. గోడౌన్ నిండా పుస్తకాలు, అమ్మకాలు లేవు, ఇద్దరే స్టాఫ్. ఎక్కడ మొదలుపెట్టాలి? (ఊరు రాయొద్దన్నారు)

సార్, మీ ఉత్తరం కోసమే ఈ నెల కాలమ్ ఇంత పొడుగైంది. మీరు చేతికి తీసుకున్నది చిన్న వారసత్వం కాదు. హైదరాబాద్‌లో 1888లో మొదలైన దాయిరతుల్ మారిఫ్ అరబిక్ లిఖిత ప్రతులు పరిష్కరించి వేస్తే ప్రపంచంలో ఎక్కడెక్కడి అరబిక్ పండితులో ఇవాళ్టికీ వాటిని ఉదహరిస్తారు, అది ఇప్పుడు ఉస్మానియా క్యాంపస్‌లో ఉంది. ఉస్మానియాకి 1917లోనే అనువాద విభాగం పెట్టి పాఠ్యపుస్తకాలు ఉర్దూలోకి తెచ్చారు. 1968లో తెలుగు అకాడమీ, 1985లో తెలుగు యూనివర్సిటీ వచ్చాయి. వేయడం మనకి ఎప్పుడూ చేతనయింది, వేశాక చేర్చడమే రాలేదు.

మొదట ఒక వారం గోడౌన్‌లో కూర్చోండి. ఏ పుస్తకం ఎన్ని కాపీలు, ఏ ఏడాదిది, రేటెంత, ఒక ఎక్సెల్ షీట్. చెదలు పట్టినవి రద్దు చేయాలంటే స్టోర్స్ కమిటీ, ఆడిట్ అబ్జెక్షన్, ఫైలు తిరుగుడు అన్నీ ఉంటాయని నాకు తెలుసు, అందుకే వాటి జోలికి ముందే వెళ్లకండి, ముందు కాపీలు అయిపోయిన పుస్తకాలు చూడండి. జనం అడిగేవి అవే ఉంటాయి, గోడౌన్‌లో ఉన్నవి అడగనివి. అయిపోయినవాటిని మళ్లీ వెయ్యి కాపీల టెండర్ పిలవద్దు, ప్రింట్ ఆన్ డిమాండ్‌లో పాతిక, యాభై వేయించండి, కాపీకి ఖర్చు కాస్త ఎక్కువైనా గోడౌన్ నిండదు.

రెండోది ఫాంట్లు. మీ పాత పుస్తకాలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లలో కట్టినవై ఉంటాయి, ఆ పీడీఎఫ్‌లో ఒక మాట వెతికితే దొరకదు, గూగుల్‌కి అదంతా పిచ్చిరాతే. అవి యూనికోడ్‌లోకి మారిస్తే తప్ప ఆ పుస్తకం నెట్‌లో ఉన్నా లేనట్టే. కన్వర్టర్లు ఉన్నాయి, ఒత్తుల దగ్గర తప్పులొస్తాయి, ఎంఏ తెలుగు పిల్లలకి పేజీకి ఇంతని ఇచ్చి దిద్దించండి, ఫైనాన్స్ ఆఫీసర్ ఏ హెడ్ కింద అని అడుగుతాడు, అది మీరే చూసుకోవాలి.

మూడోది, ఇదే అన్నిటికంటే ముఖ్యం, ఏ పుస్తకం వేయాలో మీరొక్కరే తేల్చకండి. రెండు బయటి యూనివర్సిటీల వాళ్ల రాతపూర్వక రిపోర్టులు లేకుండా ఏదీ వేయం అని సిండికేట్‌లో తీర్మానం పెట్టించండి. ఇది మీకు కవచం కూడా. వీసీ గారి బంధువు కవితా సంపుటి వచ్చినప్పుడు నేను వద్దనలేదండీ, రీడర్లు వద్దన్నారు అని చెప్పుకోవచ్చు. వీసీలు మూడేళ్లకి మారతారు, తీర్మానం మారడం అంత తేలిక కాదు.

రచయితలతో పాత ఒప్పందాలు ఫైళ్లలో ఉన్నాయో లేవో చూడండి. లేకపోతే వారసులకి రాసి అనుమతి తీసుకోండి, పుస్తకం ఫ్రీగా ఆన్‌లైన్‌లో పెడతామంటే చాలా కుటుంబాలు సంతోషంగా ఒప్పుకుంటాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రెస్ 1994లో వేసిన క్షేత్రయ్య పదాల ఇంగ్లీషు అనువాదం ఇవాళ ఎవరైనా నెట్‌లో పూర్తిగా, పైసా లేకుండా చదవొచ్చు, మరి మన విశ్వవిద్యాలయాలు వేసిన పదసాహిత్యం పుస్తకాలు అలా దొరుకుతున్నాయా? అమ్మకానికి ఉన్న పుస్తకం ఫ్రీగా పెడితే అమ్మకం పోతుందేమో అని మీ ఆఫీసులో ఎవరో ఒకరు అడ్డుపడతారు. ఎలాగూ అమ్మకాలు లేవని మీరే రాశారు కదండీ.

ఇక పదింటి నుంచి నాలుగింటి దాకా కౌంటర్లో రసీదు పుస్తకంతో అమ్మడం ఒక్కటే ఉంటే దానికి యూపీఐ స్కానర్ ఒకటి తగిలించండి, విజయవాడ, హైదరాబాద్ పుస్తక ప్రదర్శనల్లో స్టాల్ తీసుకోండి, ఒక డిస్ట్రిబ్యూటర్‌కి 40 శాతం డిస్కౌంట్ ఇవ్వడానికి అనుమతి తెచ్చుకోండి. ఆ 40 శాతం చూసి ఆడిట్ వాళ్లు నోరెళ్లబెడతారు. అన్ని చోట్లా అంతే ఉంటుందని నా పేరు చెప్పి చూపించండి.

అమెరికాలో ఎంఏ ఇంగ్లీష్ చేస్తున్నాను, ఎప్పటికైనా యూనివర్సిటీ ప్రెస్‌లో డైరెక్టర్ కావాలని ఉంది. పీహెచ్‌డీ ఉండాలా? (షికాగో)

ఉంటే మంచిదే, తప్పనిసరి కాదు. ఎడిటర్లుగా, మార్కెటింగ్‌లో, జర్నల్స్‌లో మొదలుపెట్టి పైకి వచ్చినవాళ్లే ఎక్కువ. ఎడిటోరియల్ అసిస్టెంట్ జీతం చూసి ఏడుస్తావు, ముందే చెప్తున్నా, ఆ ఊళ్లో అద్దెకి కష్టంగా సరిపోతుంది. అయినా చేరాక మొదటి ఏడాదిలోనే అకౌంట్స్ వాళ్లతో స్నేహం చేసుకుని ఒక పుస్తకం లాభనష్టాల షీట్ చదవడం నేర్చుకో, ఎడిటర్లలో చాలామంది దాని జోలికి పోరు, డైరెక్టర్ ఇంటర్వ్యూలో ప్రొవోస్ట్ అడిగేది దాని గురించే. షికాగో యూనివర్సిటీ ప్రెస్ మీ ఊళ్లోనే ఉంది, ఇంటర్న్‌షిప్‌లు పడినప్పుడు సైట్ చూస్తూ ఉండు.